బోర్లించిన నీళ్ళ డబ్బా

నేను ఒక రేకు డబ్బాను. పుట్టడం నూనె డబ్బాగా పుట్టాను, బతకడం మాత్రం నీళ్ళ డబ్బాగా బతికాను. ఇప్పుడు నా నిండా మట్టి ఉంది. మొక్కలకు నీళ్ళు పోసే వస్తువు మహా అయితే పూల సంగతులు చెబుతుందని మీరు అనుకోవచ్చు. పూల సంగతులూ చెబుతాను. కానీ నా చేత ఇద్దరు మనుషులు చాలా ఏళ్ళపాటు మాట్లాడించారు. వాళ్ళకు నోళ్ళు లేక కాదు. ఆ మాట నోటితో అనడానికి ఇద్దరికీ మొహమాటం. ఆ మొహమాటం తెచ్చిన నష్టం ఏమిటో నాకు తెలిసినంతగా వాళ్ళకు కూడా తెలియదు.

నాలో మొదట పోసింది వేరుశనగ నూనె. మిల్లు నుంచి బాపట్లలో ఒక మిఠాయి కొట్టుకు వెళ్ళాను. నా నూనెలో ఎన్ని చేగోడీలు వేగాయో, ఎంత బూందీ పొంగిందో! నూనె అయిపోగానే కొట్టాయన నన్ను మెట్ల కిందకు ఒక్క తన్ను తన్నాడు. లోపల సరుకు ఉన్నన్నాళ్ళూ నన్ను తుడిచి, మూత పెట్టి, గోడవార జాగ్రత్తగా నిలబెట్టిన మనిషే ఆయన. నాకేం కోపం లేదు. మనుషులు మనుషులతో కూడా అలాగే ఉంటారని తర్వాత చాలాసార్లు చూశాను.

అక్కడినుంచి నన్ను మాట్లు వేసే కోటిలింగం పట్టుకుపోయాడు. వీధి వీధి తిరుగుతూ చిల్లు పడిన బిందెలకు, బకెట్లకు అతుకులు వేసే మనిషి. చింతచెట్టు కింద బొగ్గుల కుంపటి పెట్టుకుని నా పైభాగం సగం కోశాడు. ఎవరిదో విరిగిన బకెట్ పిడి తెచ్చి తగిలించాడు. పక్కన పొడుగాటి గొట్టం అతికి, దాని కొసకు గుండ్రటి రేకు బిళ్ళ బిగించి, మేకుతో చిల్లులు పొడిచాడు. అప్పుడే ఎవరో పిలిస్తే తల తిప్పాడు, ఒక చిల్లు పక్కకు జారి కొంచెం పెద్దదైంది. అందుకే నా జల్లంతా ముందుకు పడుతుంటే ఒక్క ధార మాత్రం ఎడమకు వంకరగా పోయేది. నన్ను పట్టుకున్నవాళ్ళ ఎడమ కాలు తడిసేది. కోటిలింగం అది చూసి, తుడిచి, ఏమీ ఎరగనట్టు అమ్మకానికి పెట్టాడు.

నన్ను కొన్నది భావనారాయణ. కరెంటు ఆఫీసులో లైన్‌మన్. కొత్తగా పెళ్ళయింది. ఊరి చివర సముద్రం వెళ్ళే రోడ్డు వైపు, ఇసుక నేలలో చిన్న ఇల్లు. ఏం తెమ్మంటావని భార్యను అడిగితే ఆ పిల్ల చీర అనలేదు, గాజులు అనలేదు. చెంబుతో నీళ్ళు పోస్తుంటే ఇసుక కొట్టుకుపోయి మొక్కల వేళ్ళు బయటపడుతున్నాయి, జల్లుగా పడే డబ్బా ఏదైనా దొరికితే తెండి అంది. ఆ పిల్ల పేరు హైమావతి. పుట్టింటి నుంచి చీరల పెట్టె ఒక చేత్తో, తడిగుడ్డలో చుట్టిన దొంతరమల్లె అంటు ఒక చేత్తో పట్టుకుని కాపరానికి వచ్చింది. ఆ అంటును కుళాయి పక్కన నాటింది. తర్వాత కనకాంబరాలు వచ్చాయి, ముద్దమందారం వచ్చింది, గోడవార నందివర్ధనం, మెట్ల పక్కన మరువం, చలికాలానికి చేమంతులు. ఆదివారాల్లో భావనారాయణ పాత ఇటుకలను ఏటవాలుగా పాతి పాదులు కట్టేవాడు. ఆ తోటలో వాళ్ళిద్దరిదీ కానిదంటూ ఏమీ లేదు.

నా వంకర ధార సంగతి హైమావతి మొదటి రోజే కనిపెట్టింది. పిడిని కాస్త కుడికి వంచి పట్టుకుంటే ఆ ధార కూడా పాదులోనే పడుతుందని తెలుసుకుంది. భావనారాయణకు ఆ నేర్పు ఎన్నేళ్ళకూ పట్టుబడలేదు. ఆయన పోస్తే ఎడమ చెప్పు తడవాల్సిందే.

కాపరం పెట్టిన కొత్తలో అత్తగారు సీతారావమ్మ వాళ్ళ దగ్గరే ఉండేది. ఆవిడ మంచి మనిషే. కాని ఆవిడకు కొన్ని పట్టింపులు. నెలలో ఆ మూడు రోజులు ఆడది మల్లె చెట్టును ముట్టుకుంటే చెట్టు మాడిపోతుందని ఆవిడ నమ్మకం. మల్లె ఒక్కటే కాదు, ఏ పూల మొక్కకూ నీళ్ళు పోయకూడదు. ఆ రోజుల్లో సీతారావమ్మే కొడుకును కేకేసి, ఈ పూట మొక్కలు నువ్వు చూసుకో అనేది. ఆయన తల ఊపేవాడు. ఎందుకని అడిగేవాడు కాదు.

కొన్నాళ్ళకు ఆవిడ పొన్నూరులో పెద్దకొడుకు దగ్గరకు వెళ్ళిపోయింది. ఆ నెల హైమావతికి చిక్కు వచ్చి పడింది. వంట మానలేదు, ఇంట్లో తిరగడం మానలేదు, దేవుడి గూటికీ మొక్కలకీ మాత్రం దూరంగా ఉంది. మొక్కలకు నీళ్ళెవరు పోయాలి? మొగుడికి ఆ మాట ఎలా చెప్పాలి? పొద్దున్నే ఆయన ఎదురుగా రెండుసార్లు నోరు తెరిచి, ఒకసారి ఉప్పు సరిపోయిందా అని, ఇంకోసారి గొడుగు తీసుకెళ్ళండి అని ఏదో అనేసింది. అది మండు వేసవి.

అప్పుడు ఆమెకు ఆయన చెప్పిన ఉద్యోగం కబుర్లు గుర్తుకొచ్చాయి. స్తంభం ఎక్కే ముందు ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర స్విచ్ కిందికి లాగి, దాని పిడికి ఎర్రగుడ్డ కడతాడట. ఆ గుడ్డ కనిపిస్తున్నంతసేపూ పైన మనిషి ఉన్నాడని అర్థం, ఎవరూ స్విచ్ ముట్టుకోరు. గుడ్డ లేదంటే లైన్లో కరెంటు ఉన్నట్టే. ఒకరినొకరు కేకలేసుకోనక్కర్లేదు, గుడ్డ చాలు అనేవాడు ఆయన. హైమావతి నన్ను తెచ్చి కుళాయి దగ్గర సిమెంటు చప్టా మీద బోర్లించింది.

సాయంత్రం ఆయన సైకిలు దిగి నన్ను చూశాడు. ఒక క్షణం తెల్లబోయాడు. తర్వాత వంటింటి కిటికీ వైపు చూసి, ముసిముసిగా నవ్వుకుని, నన్ను తిరగేసి నీళ్ళు పట్టి మొక్కలన్నిటికీ పోశాడు, ఎడమ చెప్పు తడుపుకుంటూ. కిటికీ వెనక ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. ఇద్దరి మధ్య ఒక రహస్యం ఏర్పడిందన్న సంబరం అది. నాకూ గర్వంగానే ఉంది. మిఠాయి కొట్టు మెట్ల కింద పడి ఉన్నదాన్ని, ఒక జంటకు ఎర్రగుడ్డనయ్యాను.

ఆ సంబరం ఎన్నాళ్ళో ఉండలేదు.

పెళ్ళయిన ఏడాదికో, ఏడాదిన్నరకో బోర్లించిన డబ్బాకు ఇంకో అర్థం వచ్చింది. ఆ అర్థం ఎవరూ పెట్టలేదు, దానంతట అదే వచ్చి నా మీద కూర్చుంది. నేను బోర్లా కనిపిస్తే ఈ నెలా లేదు అని. ఇరుగమ్మ అడుగుతుంది, పొరుగమ్మ అడుగుతుంది, పొన్నూరు నుంచి వచ్చినవాళ్ళు ఏమైనా విశేషమా అని అడుగుతారు. భావనారాయణ మాత్రం ఒక్కసారి కూడా అడగలేదు. అడగకపోవడమే మంచితనం అనుకున్నాడు. సైకిలు స్టాండు వేసి వచ్చి, నన్ను ఎత్తే ముందు నా అడుగు మీద అరచేయి పెట్టి ఒక్క క్షణం నిలబడేవాడు. మండిన రేకు మీద చెయ్యి అంతసేపు ఉంచేవాడు. తర్వాత మామూలుగా నీళ్ళు పట్టుకునేవాడు. ఆ ఒక్క క్షణం నిలబడటాన్ని కిటికీ లోంచి హైమావతి ప్రతి నెలా చూసేది.

ఒకసారి ఆమె ఒంటరిగా లేడీ డాక్టరు దగ్గరకు వెళ్ళివచ్చింది. నీలో లోపమేమీ కనిపించడం లేదు, ఈసారి మీ ఆయన్ని కూడా తీసుకురా అందట ఆ డాక్టరు. ఈ సంగతి హైమావతి నాకు చెప్పింది. నాకంటే, మల్లె పాదు దగ్గర కూర్చుని కలుపు లాగుతూ తనలో తాను అనుకుంది. మీరూ ఒకసారి రండి అని మొగుడితో అనడానికి మాత్రం ఆమెకు గుర్తేదీ దొరకలేదు. ఆ మాటకు ఏ గిన్నెను బోర్లించాలి?

ఏళ్ళు అలా పోయాయి. మల్లె గుబురు ఆమె నడుము ఎత్తుకు పెరిగింది. చేమంతులు ఏటా పిలకలు పెట్టాయి, ఏటా ఆమె వాటిని వేరుచేసి నాటింది.

నేను చెప్పదలచుకున్న వేసవి ఇప్పుడు వస్తుంది. ఆ ఏడు ఎండలు నిప్పులు చెరిగాయి. కుళాయి రోజు విడిచి రోజు, అదీ దారంలా వచ్చేది. హైమావతి బియ్యం కడిగిన నీళ్ళు, కూరగాయలు కడిగిన నీళ్ళు డ్రమ్ములో దాచి మొక్కలకు పోసేది. చేమంతి పిలకల మీద తాటాకు కప్పింది. సాయంత్రమైతే గాలిదుమ్ములు లేచి స్తంభాలు కూలేవి. భావనారాయణ తెల్లవారి వెళితే చీకటి పడ్డాకే రావడం. ఆరుబయట మంచాలు వేసుకుని, చాలా రోజులు ఆయన పడుకోగానే నిద్రపోయేవాడు.

అలాంటి ఒక సాయంత్రం, ఒళ్ళంతా దుమ్ముతో, చేతులు బొబ్బలెక్కి ఇంటికి వచ్చి నన్ను చూశాడు. నేను బోర్లా ఉన్నాను. ఆ రోజు నిలబడలేదు ఆయన. చప్టా మీద కూలబడి నన్ను ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. కిటికీ దగ్గర హైమావతి చేతిలో గరిటె అలాగే ఉంది, లోపల కూర అడుగంటిన వాసన బయటకు వచ్చింది.

ఆ రోజే ఆమె ఒక నిర్ణయం చేసుకుంది. ఈ మనిషికి నెలనెలా నేను నా చేత్తో ఈ డబ్బా చూపించను. చెట్టు మాడితే మాడనీ.

తర్వాతి నెల ఆ రోజుల్లో, ఆయన వెళ్ళాక, నన్ను పట్టుకుని మల్లె దగ్గరకు వచ్చింది. నీళ్ళు పోసి, దూరంగా వెళ్ళి నిలబడి, చెట్టును చూస్తూ ఉండిపోయింది, అప్పటికప్పుడే ఆకులు రాలుతాయేమో అన్నట్టు. ఏమీ రాలలేదు. మర్నాడు మొగ్గలు ఎప్పటికంటే ఎక్కువే విచ్చాయి. మొక్కలకు తడి ముఖ్యం, చెయ్యి ఎవరిదని అవి ఎన్నడూ అడగలేదు. ఇన్నేళ్ళూ ఊరికే భయపడ్డానా అని ఆమె పైకే అంది. అన్నాక కొంచెం నవ్వు, కొంచెం ఏడుపు కలిసి వచ్చాయి.

ఆ నెల నేను బోర్లా పడుకోలేదు. ఆ పై నెలా పడుకోలేదు.

భావనారాయణ ఎర్రగుడ్డను నమ్మి బతికేవాడు. గుర్తు లేదంటే దానికి ఒకటే అర్థం. గుర్తు పెట్టాల్సినవాళ్ళు కావాలని పెట్టకపోవడం అనేది ఆయన ఉద్యోగంలో ఊహకైనా రాని సంగతి. ఇంట్లో చూడాలనుకుంటే తెలిసేవి ఇంకా ఎన్ని లేవు? దేవుడి గూట్లో దీపం వెలగని రోజులు, ఆమె నడుము పట్టుకుని నడిచే రోజులు. ఆయన వాటి వైపు ఎన్నడూ చూసినవాడు కాదు. నన్ను చూస్తే చాలని అలవాటు పడ్డాడు.

మొదటి నెల నా వైపు అనుమానంగా చూశాడు. రెండో నెల దాటాక ఒక పొద్దున నా దగ్గరకు వచ్చి, నిలువుగా ఉన్న నన్ను అంచు పట్టుకుని మెల్లగా ఊపి వదిలాడు, నిద్రపోతున్న పిల్లను పలకరించినట్టు. ఆ ముఖం ఇప్పటికీ మరచిపోలేదు. భార్యను మాత్రం అడగలేదు. మూడో నెల దాటేదాకా ఇలాంటివి బయటపెట్టకూడదని పెద్దవాళ్ళు అంటారు, అందుకే చెప్పడం లేదు, తన నోటితో తనే చెప్పనీ అనుకుని ఉంటాడు.

ఆ వారమే సైకిలు వెనక ఆకుపచ్చ రబ్బరు పైపు చుట్ట కట్టుకుని వచ్చాడు.

“ఇక ఆ డబ్బా ఎత్తమాక హైమా. కుళాయికి పైపు తగిలించి కూర్చున్నచోటి నుంచే పట్టు.”

హైమావతి దాన్ని తనకు తోచినట్టు అర్థం చేసుకుంది. ఆ డబ్బాను చూడటం ఆయనకూ ఇష్టం లేదు, పోనీలే ఇక ఆ ఊసు వద్దు అనుకున్నాడు అని. ఆమె గుండెల మీంచి ఒక బరువు దిగింది. నన్ను స్నానాలగది వెనక్కు తీసుకుపోయి పెట్టింది. పెడుతూ నా పిడి మీద చెయ్యి వేసి, పాపం నువ్వేం చేశావులే అంది.

తర్వాతి రోజులను నేను గోడ మూల నుంచి చూశాను. పచ్చి మామిడికాయలు వచ్చేవి, అవీ ఏరి ఏరి తెచ్చిన పుల్లటివి. ఆవకాయ పెట్టేశాం కదండీ అంటే, ఊరికే తిను అనేవాడు. ఎత్తు పీట ఎక్కవద్దు అనేవాడు. బియ్యం మూట తనే లోపల పెట్టేవాడు. ఒక ఆదివారం ఆఫీసు నుంచి తెచ్చిన పాత ఇనుప పట్టీలు కోసి, అతికించి, వరండా మెట్ల దగ్గర మోకాలెత్తు గేటు ఒకటి బిగించాడు. పట్టీల మధ్య సందుల్లో చెయ్యి దూర్చి దూర్చి చూశాడు.

“మేకల పని పట్టారన్నమాట,” అంది హైమావతి. ఎదురింటి మేకలు చేమంతి పిలకలు కొరుక్కుపోతున్నాయని ఆమె అంతకుముందే గొణిగింది.

“మేకలకేలే,” అని ఆయన పగలబడి నవ్వాడు. ఆయన ఎందుకు నవ్వుతున్నాడో తెలియకుండానే ఆమె కూడా నవ్వింది.

ఆ రోజుల్లో వాళ్ళిద్దరూ ఎంత సంతోషంగా ఉన్నారో! సాయంత్రం చప్టా మీద పక్కపక్కనే కూర్చునేవాళ్ళు. ఆమె మల్లెలు కట్టేది, ఆయన మొగ్గలు అందించేవాడు. ఎండలు ముదిరి మల్లెలు అప్పటికే చిన్నవైపోయాయి, సీజను చివరికొచ్చింది. ఆయన మనసులో ఒక సంతోషం, ఆమె మనసులో ఇంకొక సంతోషం. రెండూ ఒకటే అనుకుని ఒకరినొకరు చూసుకునేవాళ్ళు. రేకు డబ్బాకు నోరుంటే ఆ వారాల్లో పనికొచ్చేది.

మృగశిర కార్తె వచ్చింది. ఒక మధ్యాహ్నం ఆకాశం సముద్రం వైపు నల్లబడుతుండగా పొన్నూరు నుంచి సీతారావమ్మ దిగింది. చేతిలో మాగాయ జాడీ, చంకలో మూట. హైమావతి మల్లె దగ్గర ఉంది, ఒళ్ళో కొంగు నిండా మొగ్గలు. అత్తగారు వస్తూనే ఆమె గడ్డం పట్టుకుని చప్టా మీద కూర్చోబెట్టింది.

“నిలబడమాక తల్లీ. వేవిళ్ళు బాగా ఉన్నయ్యా? మావాడు మొన్న వచ్చి చెప్పాడులే, నీకు చెప్పొద్దన్నాడు. నాకా మనసాగలేదు. నాతో కూడా దాపరికమేంది?”

హైమావతి కుళాయికి తగిలించి ఉన్న పైపు వైపు చూసింది. వరండాలో బుట్టలో ఉన్న మామిడికాయల వైపు చూసింది. మెట్ల దగ్గర మోకాలెత్తు గేటును చూసింది. దాని మీదే చూపు ఆగిపోయింది. మేకలకైతే గేటు వీధివైపు పెడతారు గాని ఇంటి మెట్లకు ఎందుకు పెడతారని ఆమెకు అప్పుడు తట్టింది.

“అత్తయ్యా, నేను బయటున్నాను,” అంది. “పొద్దున్నే.”

సీతారావమ్మ చెయ్యి గడ్డం దగ్గరే ఆగిపోయింది. ఆవిడకు ఒకేసారి రెండు సంగతులు తెలిశాయి. మనవడు లేడు. కోడలు ఆ స్థితిలో ఒళ్ళో మల్లెలు పోసుకుని కూర్చుంది. కోప్పడుతుందనుకున్నాను. ఆవిడ లేచి మల్లె గుబురు దగ్గరకు నడిచింది, ఆకులు తిప్పి చూసింది, కొమ్మ పట్టుకుని చూసింది.

“ఎప్పటినుంచి ముట్టుకుంటున్నావు?”

హైమావతి చెప్పింది. ఎందుకో కూడా చెప్పింది. బోర్లించిన డబ్బాను ఒళ్ళో పెట్టుకుని ఆయన కూర్చున్న సాయంత్రం గురించి చెప్పింది. ఆ ఇంట్లో ఆ సంగతి ఒక మనిషి ఇంకో మనిషితో నోరు విప్పి చెప్పడం అదొక్కసారే.

“చెట్టు బాగానే ఉందే,” అంది సీతారావమ్మ చివరికి, చాలా నెమ్మదిగా. ఆ మూడు ముక్కల మాటలో ఆవిడ తన వయసంతా వెనక్కి తిరిగి చూసుకున్నట్టనిపించింది. తర్వాత మూట చంకలో పెట్టుకుంది. మూట అంచుల్లోంచి కనిపిస్తున్న మెత్తటి పాత చీరలు పసిబిడ్డ పక్కకోసం తెచ్చినవని హైమావతికి అర్థమైంది. “వాడికి నేను చెప్పలేనమ్మా. నువ్వే చెప్పుకో,” అని వాన రాకముందే బస్సుకు వెళ్ళిపోయింది. మాగాయ జాడీ మాత్రం చప్టా మీద ఉండిపోయింది.

హైమావతి జాడీ పక్కనే కూర్చుంది. చెప్పాల్సిన మాటలు పెదవుల మీద పేర్చుకోవడం నాకు కనిపిస్తూనే ఉంది. ఏవండీ, ఈ రెండు నెలలూ నేనే నీళ్ళు పోశాను. మీ మొహం చూడలేక పోశాను. అంతే, ఇంకేం లేదు. రెండుసార్లు అనుకుంది. మూడోసారి లేచి స్నానాలగది వెనక్కు వచ్చింది. నన్ను తీసుకుపోయి చప్టా మీద బోర్లించింది.

నా బతుకులో నేను చెయ్యనని మొండికేయాలనుకున్న పని ఏదైనా ఉంటే అదే. కానీ రేకుకు మొండితనం ఎక్కడిది?

ఆయన వచ్చేసరికి చినుకులు మొదలయ్యాయి. ఆ ఏటికి తొలి వాన. సైకిలు మీద తడుస్తూ, నవ్వుతూ లోపలికి వచ్చాడు. నన్ను చూశాడు. నా అడుగు మీద చినుకులు టపటపా మోగుతున్నాయి. దగ్గరకు వచ్చి, ఎప్పటిలాగే అరచేయి పెట్టాడు. ఆ చెయ్యి కింద మోత ఆగింది. వాన పెద్దదయ్యేదాకా అలాగే నిలబడ్డాడు. తర్వాత నన్ను తిరగేసి, డ్రమ్ములో ముంచి, మల్లె పాదు దగ్గరకు నడిచి నీళ్ళు పోశాడు. వానలో మొక్కలకు నీళ్ళు పోసిన మనిషిని నేను ఆయన్నే చూశాను. కనకాంబరాలకు పోశాడు, మందారానికి పోశాడు, తాటాకు ఎత్తి చేమంతి పిలకలకు పోశాడు.

హైమావతి వరండాలో గేటు వెనక నిలబడింది.

“వాన కురుస్తుంది గదండీ.”

“కురవనీ.” మళ్ళీ డ్రమ్ము దగ్గరకు వెళ్ళి వచ్చాడు. ఆమె వైపు చూడకుండా, “రేపు ఆ గేటు తీసేస్తాలే,” అన్నాడు.

“ఉండనీండి,” అంది ఆమె. “మేకలొస్తయ్ గదా.”

అంతే. ఆ తర్వాత ఆ సంగతి ఆ ఇంట్లో ఎవరూ ఎత్తలేదు. గేటు ఉంది. ఆమె నన్ను మళ్ళీ ఎప్పుడూ బోర్లించలేదు, ఏ రోజైనా తనే పైపుతో నీళ్ళు పట్టింది. ఎందుకని ఆయన అడగలేదు. సీతారావమ్మ ఆ మాట ఎవరికీ చెప్పకుండానే పోయింది. రెండు వానాకాలాలు మూల పడి ఉండేసరికి నా అడుగు తుప్పుపట్టింది. ఒక ఆదివారం భావనారాయణ మేకుతో నా అడుగున చిల్లులు పొడిచి, మట్టి నింపి, చేమంతి పిలక నాటి చప్టా మీద పెట్టాడు. మట్టి తొక్కుతున్నప్పుడు ఆయన చేతులు ఎంత మెత్తగా ఉన్నాయో!

ఈ మధ్యనే మళ్ళీ వేసవి చివరికొచ్చింది. మల్లె ఇప్పుడు ముసలి గుబురు, పూలు రోజుకు దోసెడు కూడా రావు. చేమంతికి ఈ రోజుల్లో పువ్వు ఉండదు, చలికాలం దాకా ఊపిరి పట్టుకుని ఉండటమే దాని పని. హైమావతి చప్టా మీద కూర్చుని ఉన్న నాలుగు మొగ్గలూ కడుతోంది. తలలో తెల్ల వెంట్రుకలు చాలా వచ్చాయి. ఆయన పైపు చుట్టలు విప్పుతున్నాడు. ఆమె ఉన్నట్టుండి అంది:

“ఏవండీ. నాకు ఆ రోజులు ఆగిపోయినయ్. కార్తీకం నుంచి.”

ఆయన పైపు విప్పడం ఆపాడు. “ఇప్పుడా చెప్పటం?”

“ఎట్టా చెప్పేది? మట్టి పోసిన డబ్బాని బోర్లించటానికి లేదాయె.”

ఆమె నవ్వుతూనే అంది. ఆయన కూడా నవ్వాడు. ఇన్నేళ్ళకు బోర్లించడం అన్న మాట ఆ ఇద్దరి మధ్యా పలికింది. ఇక ఇప్పుడు మాటలు వస్తాయి అనుకున్నాను. వచ్చాయి కూడా. ఆయన నా మీది చేమంతి ఆకును వేళ్ళతో సవరిస్తూ, మామూలు సంగతి చెబుతున్నట్టు అన్నాడు:

“ఆ ఏడు కడుపు నిలబడి ఉంటే, ఈపాటికి ఇంటర్లో చేరాల్సింది. నేను ఏటా జూన్లో అనుకుంటా. ఒకటో తరగతి, రెండో తరగతి అని. నీకు బాధని ఎప్పుడూ అనలేదు.”

హైమావతి చేతిలో దారం ఆగిపోయింది. ఆయన ఇన్నేళ్ళూ తొలి వాన నాడు పోయిందనుకున్న బిడ్డను మనసులో పెంచుతున్నాడు. ఆ బిడ్డ లేనే లేదు. ఏ నెలా లేదు. నేను బోర్లా పడుకోకపోవడం వల్ల పుట్టిన బిడ్డ అది. ఒక్క మాట చెబితే చాలు, ఆ అబద్ధం పోతుంది. దాంతోపాటు జూన్ నెలలన్నీ పోతాయి, ఒకటో తరగతి, రెండో తరగతి, అన్నీ. ఆమె నోరు తెరవడం చూశాను. ఆ పెదవుల మీద అవే పాత మాటలు పేరుకున్నాయి, నేనే నీళ్ళు పోశాను అని.

“ఏం చదువు?” అంది.

“ఏమో. బైపీసీ అనుకుంటా. ఆడపిల్ల గదా, డాక్టరవుతానంటుంది.”

“అంటుందిలెండి,” అంది హైమావతి. తర్వాత దారం పళ్ళతో తెంపి, మాల పూర్తికాకుండానే ఒళ్ళో పెట్టుకుని, “ఆ డబ్బాకు కూడా కాస్త నీళ్ళు పట్టండి, ఎండిపోయింది,” అంది.

ఆయన పైపు నా వైపు తిప్పాడు. నీళ్ళు మట్టిలోకి దిగి, ఆయన పొడిచిన చిల్లుల్లోంచి చప్టా మీదకు కారి, ఆయన ఎడమ చెప్పును తడిపాయి. ఆయన కాలు తీసుకోలేదు.